ముసుగు కింద ఒకరు, కిటికీ వైపు ఒకరు

బయట ఏమీ కనపడనప్పుడు, ఎదురుగా ఉన్న మీటర్లనే నమ్మి విమానం నడపడాన్ని ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ అంటారు. మేఘంలోకి దూరిన విమానానికి కింద నేల కనపడదు, దూరాన దిగంతం కనపడదు. రెక్క వాలిందో లేదో, ముక్కు పైకి ఉందో కిందికి ఉందో మీటర్లే చెప్పాలి. ఈ విద్య నేర్చుకోవడానికి కావలసినప్పుడల్లా మేఘాలు దొరకవు. దొరికినా కొత్తవాణ్ణి అందులోకి తోలడం ప్రాణాలతో చెలగాటం. అందుకే ఆకాశం తేటగా ఉన్న రోజు చూసి, నేర్చుకునే పైలట్‌కు బయటి లోకం కనపడకుండా కళ్ళకు అడ్డు పెడతారు. పక్క సీట్లో కూర్చుని, అతని బదులు బయటికి చూస్తూ ఉండే రెండో పైలట్‌ను సేఫ్టీ పైలట్ అంటారు. విమాన శిక్షణకు అయ్యే ఖర్చు తగ్గించుకోవాలనుకునేవారు ఎక్కువగా ఆశ్రయించే దారుల్లో ఇదొకటి. అయితే ఆదా ఎక్కడ వస్తుందో, ఎక్కడ రాదో తెలిసి దిగినవాళ్ళకే అది కలిసొస్తుంది.

పట్టాలు లేని పొగమంచు

ఏమీ కనపడకుండా నడపడం అంటే ఏమిటో పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, గోల్‌బజార్ చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో తేలిగ్గా అర్థమవుతుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి కొలువు వెతుక్కుంటూ వచ్చి, వర్క్‌షాపులోనూ యార్డులోనూ ఇంజన్ల మీదా పనిచేసిన కుటుంబాలు అవి. డిసెంబర్, జనవరి తెల్లవారుజాముల్లో మంచు దిగితే బండి ఎలా నడుస్తుందో వాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. సిగ్నల్ కనపడగానే లోకో పైలట్ పైకి చదువుతాడు, అసిస్టెంట్ దాన్నే తిరిగి చెబుతాడు. మరీ కనపడని చోట సిగ్నల్‌కు ముందే పట్టా మీద పటాకు అమరుస్తారు. చక్రం ఎక్కగానే అది పేలి, సిగ్నల్ దగ్గర పడిందని హెచ్చరిస్తుంది.

రైలుకు ఉన్న రెండు సౌకర్యాలు విమానానికి లేవు. దిక్కు చూపడానికి పట్టాలు లేవు. దారి తెలియకపోతే బ్రేకు వేసి ఆగే వీలూ లేదు. ఒకరు చదివింది ఇంకొకరు సరిచూసే ఆ ఇంజన్ క్యాబ్ అలవాటు మాత్రం రెండింటికీ ఉమ్మడి. సేఫ్టీ పైలట్ పద్ధతికి పునాది ఆ అలవాటే.

చెవి చెప్పే అబద్ధం

కళ్ళు మూసుకున్నా మనిషి నిటారుగా నిలబడగలడు. లోపలి చెవిలో ఉన్న మూడు అర్ధవృత్తాకార గొట్టాలు, వాటిలోని ద్రవం ఇందుకు తోడ్పడతాయి. తల తిరిగితే ద్రవం కొంచెం వెనకబడుతుంది. ఆ తేడాను పట్టుకుని మెదడు మలుపును గుర్తిస్తుంది. కానీ మలుపు ఒకే వేగంతో కొంతసేపు సాగితే ద్రవం కూడా గొట్టంతో సమానంగా తిరగడం మొదలుపెడుతుంది. అప్పుడు మెదడుకు అందే కబురు ఒక్కటే: మలుపు ఆగిపోయింది. గిరగిరా తిరిగి ఠక్కున ఆగిన పిల్లవాడికి ఇల్లంతా ఎదురు దిక్కున తిరుగుతున్నట్టు అనిపించేది కూడా ఈ గొట్టాల వల్లే.

విమానంలో ఈ ఆటే ప్రాణాంతకం అవుతుంది. మేఘంలో విమానం మెల్లగా ఎడమకు వాలి తిరుగుతుంటే పైలట్‌కు తిన్నగా పోతున్నట్టే ఉంటుంది. వాలిన రెక్కకు మోసే శక్తి తగ్గి విమానం కిందికి జారుతుంది. ఎత్తు పడిపోతోందని చూసి అతను కంట్రోల్‌ను వెనక్కి లాగుతాడు. రెక్కలు సమం చేయకుండా లాగితే మలుపు ఇంకా బిగుస్తుంది, విమానం సుడి తిరుగుతూ ఇంకా వేగంగా దిగుతుంది. పైలట్లు దీనికి పెట్టుకున్న పేరు గ్రేవ్‌యార్డ్ స్పైరల్, అంటే శ్మశానపు సుడి. 1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వారు ఇన్‌స్ట్రుమెంట్ అనుభవం లేని 20 మందిని కృత్రిమంగా కల్పించిన ఇలాంటి పరిస్థితిలో పెట్టి చూశారు. 20 మందీ విమానం మీద అదుపు కోల్పోయారు. 19 మంది సుడిలో పడ్డారు, ఒకరు విమానాన్ని స్టాల్ చేశారు, అంటే రెక్కలకు మోసే శక్తి పోయేలా చేశారు. అందుకు పట్టిన సగటు సమయం 178 సెకన్లు, అంటే మూడు నిమిషాలైనా లేదు.

ఈ అబద్ధాన్ని తెలుసుకోవడం ఒక మధ్యాహ్నం పని. మీటర్ చూపేదాన్ని నమ్మి, ఒళ్ళు చెప్పేదాన్ని పక్కన పెట్టడం మాత్రం గంటల తరబడి సాధన చేస్తేనే వస్తుంది. ఖర్చంతా ఆ గంటలదే.

తొలి సేఫ్టీ పైలట్

ఈ సాధన ఎంత పాతదంటే, చరిత్రలో పేరు నిలిచిన మొదటి గుడ్డి ప్రయాణంలోనే సేఫ్టీ పైలట్ ఉన్నాడు. 1929 సెప్టెంబర్ 24న న్యూయార్క్ దగ్గరి మిచెల్ ఫీల్డ్‌లో జిమ్మీ డూలిటిల్ అనే సైనిక పైలట్ ఎన్‌వై-2 అనే రెండు సీట్ల విమానం వెనక సీట్లో కూర్చుని, పైన గుడ్డ ముసుగు మూయించుకున్నాడు. స్పెర్రీ కంపెనీ కొత్తగా చేసిన కృత్రిమ దిగంతం, దిక్కు చూపే గైరో, కోల్స్‌మన్ తయారుచేసిన సున్నితమైన ఆల్టీమీటర్, రేడియో సంకేతాలు అతని దగ్గర ఉన్నాయి. వాటినే ఆధారం చేసుకుని గాల్లోకి లేచి, చుట్టూ తిరిగి, 15 నిమిషాలకు అదే మైదానంలో దిగాడు. బయటి నేలను ఒక్కసారి కూడా చూడలేదు.

ముందు సీట్లో లెఫ్టినెంట్ బెంజమిన్ కెల్సీ కూర్చున్నాడు. అతను కంట్రోల్ ముట్టుకోవడం లేదని కింద ఉన్నవాళ్ళకు తెలియాలి కాబట్టి చేతులు బయటికి కనపడేలా పెట్టుకున్నాడు. వేరే విమానం అడ్డొచ్చినా, ఏదైనా తేడా చేసినా అందుకోవడమే అతని బాధ్యత. ఆ అవసరం రాలేదు. ఈనాటికీ సేఫ్టీ పైలట్ పని ఇంతే: చేతులు దూరంగా, కళ్ళు బయట, మనసు విమానంలో.

అదే కాలంలో, ఆర్గన్ వాద్యాలు తయారుచేసే కుటుంబంలో పెరిగిన ఎడ్విన్ లింక్ ఆ వాద్యాల తిత్తులూ గాలి గొట్టాలూ వాడి, నేల మీదే వాలుతూ తిరిగే చిన్న శిక్షణ పెట్టె చేశాడు. లింక్ ట్రైనర్ అన్న పేరుతో అది రెండో ప్రపంచ యుద్ధంలో లక్షల మందికి మీటర్లు చదవడం నేర్పింది. గాల్లోకి లేవకుండా, పెట్రోలు కాల్చకుండా సాధన చేయవచ్చని నిరూపించింది ఆ పెట్టే. ఇప్పటి సిమ్యులేటర్లన్నీ దాని వారసులే.

ఖరగ్‌పూర్ మీద వానమేఘం

డూలిటిల్ ప్రయోగం జరిగిన 15 ఏళ్ళకు ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ ఖరగ్‌పూర్ గడప తొక్కింది. 1944లో అమెరికా సైన్యం తన కొత్త బి-29 బాంబర్లకు ఈ ప్రాంతాన్ని స్థావరంగా చేసుకుంది. చాకులియా, పియార్‌డోబా, దూధ్‌కుండీ వంటి చోట్ల పొడవాటి రన్‌వేలు వేశారు. హిజ్లీలో అంతకు ముందు స్వాతంత్ర్య యోధులను నిర్బంధించిన శిబిరం భవనమే 20వ బాంబర్ కమాండ్‌కు కేంద్ర కార్యాలయం అయింది. 1951లో ఐఐటీ మొదలైందీ ఆ భవనంలోనే.

1944 జూన్ 5న ఈ రన్‌వేల నుంచి 98 బి-29లు బ్యాంకాక్ వైపు లేచాయి. వాటి గురి మక్కసాన్‌లోని రైల్వే వర్క్‌షాపు. ఒక రైల్వే వర్క్‌షాపు ఊరి నుంచి బయల్దేరి మరో రైల్వే వర్క్‌షాపు మీదికి వెళ్ళాయన్నమాట. గురి మీద మేఘం కమ్ముకోవడంతో చాలామంది రాడార్ చూసి బాంబులు వేయాల్సి వచ్చింది. తిరుగుదారిలో వాన, మబ్బు, తగ్గిపోతున్న ఇంధనం. ఎన్నో విమానాలు తమ సొంత మైదానం చేరలేక దొరికిన చోట దిగాయి. శత్రువు కన్నా వాతావరణమే ఎక్కువ నష్టం చేసిన రోజు అది.

యుద్ధకాలపు మైదానాల్లో కలైకుండా ఇప్పుడు భారత వైమానిక దళ స్థావరం. గోల్‌బజార్‌లో బేరమాడుతున్నవాళ్ళు చప్పుడు విని తల ఎత్తితే కనపడే యుద్ధవిమానాలు అక్కడివే. ఆ ఆకాశం సైన్యం అదుపులో ఉంటుంది కాబట్టి, పౌర శిక్షణ కావాలనుకునే ఖరగ్‌పూర్ కుర్రవాడు వేరే ఊరి దారి పట్టాల్సిందే.

నిబంధన

కళ్ళకు అడ్డు పెట్టుకుని నడపడానికి ప్రపంచమంతటికీ ఒక ఉమ్మడి నియమం ఉంది. 1944 చికాగో ఒప్పందానికి చేర్చిన రెండో అనుబంధం ప్రకారం, అలాంటి సాధన చేసే విమానంలో రెండు వైపులా పూర్తిగా పనిచేసే కంట్రోల్స్ ఉండాలి. అర్హత ఉన్న పైలట్ ఒక కంట్రోల్ సీట్లో సేఫ్టీ పైలట్‌గా కూర్చోవాలి. అతనికి ముందు వైపూ రెండు పక్కలా చాలినంత చూపు ఉండాలి. ఎక్కడైనా చూపు ఆనకపోతే, ఆ లోటు తీర్చేలా అతనితో మాట్లాడగలిగే మరో సమర్థుణ్ణి విమానంలో కూర్చోబెట్టాలి. ఆ ఒప్పందంలో తొలినాటి నుంచీ ఉన్న దేశాల్లో భారత్ కూడా ఒకటి.

అమెరికా నియమాలు ఇంకా విడమరచి చెబుతాయి. సేఫ్టీ పైలట్‌కు కనీసం ప్రైవేట్ పైలట్ లైసెన్సు, ఆ రకం విమానానికి తగిన రేటింగ్, చెల్లుబాటయ్యే వైద్య అర్హత ఉండాలి. ఆకాశం తేటగా ఉండి, కంటిచూపు నియమాల కింద ఎగురుతున్నంత వరకు అతనికి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, అంటే మీటర్ల ఆధారంగా ఎగరడానికిచ్చే అర్హత, అక్కర్లేదు. అంటే ఇంకా లైసెన్సు రాని ఇద్దరు విద్యార్థులు ఒకరికొకరు సేఫ్టీ పైలట్‌గా కూర్చోవడం కుదరదు. ఈ సాధన ప్రైవేట్ పైలట్ మెట్టు దాటిన తర్వాతి మాట.

ఒక గంట ఎలా గడుస్తుంది

సాధారణంగా వాడేది సెస్నా 172 లాంటి నాలుగు సీట్ల విమానం. ఎగరక ముందే ఇద్దరూ కూర్చుని కొన్ని విషయాలు తేల్చుకుంటారు. ఈ ప్రయాణానికి బాధ్యుడైన పైలట్ ఎవరు? రేడియోలో మాట్లాడేది ఎవరు? ఇంజన్ ఆగితే కంట్రోల్ ఎవరిది? ఎంత ఎత్తులో ముసుగు తీయాలి? మేఘం దగ్గర పడితే ఎటు తిరగాలి? ఇవి నేల మీద తేలకపోతే గాల్లో ఇద్దరూ ఒకేసారి కంట్రోల్ పట్టుకోవడమో, ఇద్దరూ వదిలేయడమో జరుగుతుంది. అందుకే కంట్రోల్ చేతులు మారేటప్పుడు మూడు మాటలు తప్పనిసరి. ఒకరు ఇస్తున్నానంటారు, రెండోవారు తీసుకున్నానంటారు, మొదటివారు మళ్ళీ ఇచ్చేశానంటారు.

విమానం లేచి సురక్షితమైన ఎత్తుకు చేరాక నేర్చుకునే పైలట్ హుడ్ దించుకుంటాడు. ఇది టోపీ అంచులా ముందుకు పొడుచుకొచ్చే ప్లాస్టిక్ రేకు. కింద ఉన్న మీటర్లు మాత్రం కనపడతాయి. కొందరు ఫాగిల్స్ వాడతారు. వీటి అద్దాల పైభాగం మసకగా, కింది భాగం తేటగా ఉంటుంది.

ఎదురుగా ఆరు మీటర్లు. నడుమ కృత్రిమ దిగంతం. దాని చుట్టూ వేగం, ఎత్తు, దిక్కు, మలుపు, ఎక్కడం లేదా దిగడం చూపేవి. చూపు ఏ ఒక్కదాని మీదా అతుక్కుపోకూడదు. నడుమ నుంచి ఒక మీటర్‌కు వెళ్ళి తిరిగి నడుమకు రావాలి. ఎత్తు 50 అడుగులు తప్పిందని దాన్నే చూస్తూ ఉంటే ఈలోగా దిక్కు పది డిగ్రీలు జారిపోతుంది. మొదటి గంటల్లో చొక్కా తడిసేది ఇక్కడే.

పక్కనున్న మనిషి ఈ మీటర్ల జోలికి పోడు. అతని కళ్ళు ఎడమ కిటికీ నుంచి కుడి కిటికీ దాకా కొంచెం కొంచెంగా ఆకాశాన్ని దువ్వుతుంటాయి. ఇంకో విమానం కనపడితే గడియారం లెక్కన చెబుతాడు. “రెండు గంటల దిక్కున విమానం, మన ఎత్తే, ఎదురొస్తోంది. ఎడమకు తిప్పు, హెడింగ్ 060.” ముసుగు కింద ఉన్నవాడు ఎందుకని అడగడు. “060” అని చదివి తిప్పుతాడు. ఆ తర్వాత, “దాటిపోయింది, వెనక్కి 090.” మేఘాలకు దూరం పాటించే పని కూడా సేఫ్టీ పైలట్‌దే. పదివేల అడుగుల కింద సాధారణ నియమం ప్రకారం 5 కిలోమీటర్ల చూపు ఉండాలి, మేఘానికి పక్కగా 1500 మీటర్లు, పైకీ కిందికీ వెయ్యి అడుగుల ఎడం ఉండాలి.

సాధనలో మలుపులు, ఎక్కడం, దిగడం అయ్యాక హోల్డింగ్ వస్తుంది. ఒక గుర్తు చుట్టూ గుర్రప్పందెం మైదానంలా సాగదీసిన వలయంలో తిరుగుతూ ఉండటం అది. ప్రామాణికమైన మలుపులో విమానం సెకనుకు 3 డిగ్రీల చొప్పున తిరుగుతుంది, పూర్తి చుట్టుకు 2 నిమిషాలు పడుతుంది. తర్వాత అప్రోచ్, అంటే రన్‌వే వైపు దిగుతూ రావడం. రేడియో సంకేతాలతో దారి చూపే ఐఎల్‌ఎస్ ఉన్న రన్‌వేకు దిగుతుంటే మీటర్‌లో రెండు గీతలు కనపడతాయి. నిలువు గీత రన్‌వే నడిమి వరుసను చూపుతుంది, అడ్డ గీత మామూలుగా 3 డిగ్రీల దిగుబాటను చూపుతుంది. 90 నాట్ల వేగంతో ఆ బాట మీద ఉండాలంటే నిమిషానికి సుమారు 450 నుంచి 480 అడుగుల చొప్పున దిగాలి. నేల దగ్గర పడేకొద్దీ గీతలు మరింత చురుగ్గా కదులుతాయి, దిద్దుబాట్లు అంతకంతకూ చిన్నవవ్వాలి. మామూలు ఐఎల్‌ఎస్‌లో నిర్ణయ ఎత్తు రన్‌వే మీద 200 అడుగులు. అక్కడికి రాగానే పక్క సీటు నుంచి మాట వినిపిస్తుంది: “హుడ్ తీసెయ్.” తల ఎత్తితే రన్‌వే ఎదురుగా ఉండాలి. అది పక్కన ఎక్కడో ఉంటే ఆ అప్రోచ్ తప్పినట్టే. నిజమైన మేఘంలో అయితే మళ్ళీ పైకి లేచి మొదటి నుంచి రావాలి.

ఖర్చు లెక్క

అమెరికాలో ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కు మామూలు దారిలో 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ సమయం కావాలి. నిజమైన మేఘంలోదైనా, ముసుగు కింద చేసినదైనా చెల్లుతుంది. అందులో కనీసం 15 గంటలు అర్హత ఉన్న ఇన్‌స్ట్రక్టర్‌తో చేయాలి. మిగిలిన 25 గంటలు సేఫ్టీ పైలట్‌తో చేసుకోవచ్చు. దీనికి తోడు బాధ్యుడైన పైలట్‌గా 50 గంటల దూరప్రయాణం కూడా చూపించాలి.

ఇద్దరు స్నేహితులు జత కట్టి చెరి 25 గంటలు ముసుగు కింద ఎగిరారనుకుందాం. విమానం మొత్తం 50 గంటలు తిరిగింది, అద్దె చెరి సగం. ఒక్కొక్కరి జేబు నుంచి పోయింది 25 గంటల అద్దె. అంటే ముసుగు గంటకు పడే అద్దె తగ్గలేదు. మిగిలింది 25 గంటల ఇన్‌స్ట్రక్టర్ ఫీజు. అద్దె సగమవుతుందని ఆశపడేవారు తప్పటడుగు వేసేది ఈ లెక్కలోనే.

అసలు లాభం వేరే రెండు చోట్ల ఉంది. ముసుగు సాధనను ఊరి చుట్టూ చేయకుండా, 50 నాటికల్ మైళ్ళు దాటిన వేరే మైదానంలో దిగి వచ్చేలా చేస్తే, నడిపే పైలట్‌కు అదే గంట ఇన్‌స్ట్రుమెంట్ గడిలోనూ దూరప్రయాణం గడిలోనూ పడుతుంది. ఒక గంట అద్దెతో రెండు అవసరాలు తీరుతాయి. రెండోది, పక్క సీట్లో గడిపిన గంటలు. అవతలివాడు ముసుగు కింద ఉన్నంతసేపు సేఫ్టీ పైలట్ కూడా విమానానికి తప్పనిసరి సిబ్బందే కాబట్టి ఆ సమయాన్ని తన లాగ్‌బుక్‌లో రాసుకోవచ్చు. ఎగరక ముందే ఒప్పుకుని ప్రయాణ బాధ్యత తాను తీసుకుంటే ఆ హోదాలోనే రాసుకోవచ్చు. అయితే విమానాన్ని లేపిందీ దింపిందీ అతను కాదు కాబట్టి దూరప్రయాణం గడిలో అతనికి ఏమీ పడదు.

లాగ్‌బుక్‌లో పడని లాభం ఇంకోటి ఉంది. పక్కవాడు హోల్డింగ్‌లోకి తప్పు దిక్కు నుంచి ప్రవేశించడం, ఎత్తు తప్పడం, దాన్ని సరిదిద్దుకోవడం తాపీగా చూసినవాడికి తన వంతు వచ్చేసరికి సగం పాఠం వచ్చేసి ఉంటుంది.

ఖర్చు పంచుకోవడానికీ హద్దుంది. అమెరికాలో ప్రైవేట్ పైలట్ తనతో వచ్చినవాళ్ళతో ఇంధనం, నూనె, విమానాశ్రయ రుసుము, అద్దె పంచుకోవచ్చు. కానీ తన వంతు వాటా తప్పక పెట్టాలి. అంతకన్నా తక్కువ పెడితే అది కిరాయి బండి కిందికి వస్తుంది. విమానం అద్దెకిచ్చేవారి ఒప్పందం, బీమా షరతులు కూడా ముందే చదవాలి. సేఫ్టీ పైలట్‌ను బాధ్యుడైన పైలట్‌గా బీమా ఒప్పుకోకపోతే కాగితం మీద చేసుకున్న ఒప్పందం చెల్లదు.

సిమ్యులేటర్ ఇంకా చవక. అమెరికాలో గుర్తింపు పొందిన శిక్షణ యంత్రం మీద, దాని స్థాయిని బట్టి 10 లేదా 20 గంటల దాకా లెక్కలోకి వస్తాయి. ఇంట్లో కంప్యూటర్ మీద ఎక్స్-ప్లేన్ లాంటివి ఆడితే గంటలు జమ కావు గానీ, అప్రోచ్ వరుస, రేడియో మార్చే క్రమం, హోల్డింగ్ ప్రవేశాలు చేతికి వస్తాయి. కుర్చీలో కూర్చుని, చార్టు ఒళ్ళో పెట్టుకుని, ఏ మీటర్ ఎప్పుడు చూడాలో పైకి చెప్పుకుంటూ సాధన చేసేవాళ్ళూ ఉన్నారు. ఇంజన్ తిరుగుతుండగా చార్టు తిప్పుకుంటూ కూర్చుంటే ప్రతి నిమిషానికీ అద్దె పడుతుంది. ఆ తడబాటంతా నేల మీదే తీర్చుకున్నవాడికి గాల్లో డబ్బు వృథా కాదు.

మన దేశంలో

భారత్‌లో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటల ఫ్లయింగ్ కావాలి. అందులో 100 గంటలు బాధ్యుడైన పైలట్‌గా, 10 గంటలు ఇన్‌స్ట్రుమెంట్ సమయంగా ఉండాలి. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కు మొత్తం 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ సమయం చూపించాలి. అందులో 20 గంటల దాకా ఆమోదం పొందిన సిమ్యులేటర్ మీద చేయవచ్చు. అనుమతులు, పరీక్షలు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చేతిలో ఉంటాయి. ఇక్కడి శిక్షణ సంస్థల్లో ముసుగు సాధన చాలావరకు ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగానే జరుగుతుంది. సేఫ్టీ పైలట్ పనీ, గురువు పనీ ఆయనే చూసుకుంటారు. కాబట్టి మన దేశంలో ఆదా సిమ్యులేటర్ గంటలను పూర్తిగా వాడుకోవడంలోనూ, గాల్లోకి వెళ్ళే ముందు పాఠం నేల మీదే పూర్తి చేసుకోవడంలోనూ ఉంటుంది.

ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాల పిల్లలకు భాష తెలిసిన చోటు కావాలంటే హైదరాబాద్ బేగంపేటలోని తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ ఉంది. ఊరి స్టేషన్‌లో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సికింద్రాబాద్‌లో దిగవచ్చు. విదేశాల్లో, ముఖ్యంగా అమెరికాలో గంటలు పూర్తి చేసి ఇక్కడికి వచ్చి లైసెన్సు మార్చుకునేవారూ ఎక్కువే. అలాంటివారు ఒక జాగ్రత్త పడాలి. అక్కడ రాసుకున్న ప్రతి గంటనూ ఇక్కడ అదే గడిలో లెక్కిస్తారని అనుకోకూడదు. సేఫ్టీ పైలట్‌గా పక్క సీట్లో గడిపిన గంటల మీద డీజీసీఏ తాజా నియమం ఏమిటో బయల్దేరక ముందే చదువుకోవాలి. లేకపోతే చవకగా సంపాదించిన గంటలను తిరిగొచ్చాక మళ్ళీ కొనుక్కోవాల్సి వస్తుంది.

ఎవరిని పక్కన కూర్చోబెట్టాలి

స్నేహం ఒక్కటే అర్హత కాదు. కంటిచూపు బాగుండాలి, ఆ విమానం చేతికి అలవాటై ఉండాలి, ఫోన్ జేబులోనే ఉంచుకునే నిగ్రహం ఉండాలి. సాధనలో అతి పెద్ద ప్రమాదం మరో విమానాన్ని ఢీకొనడం. అప్రోచ్‌లో గీతలు ఎటు జారుతున్నాయో చూడాలన్న ఆసక్తితో సేఫ్టీ పైలట్ కూడా లోపలికే చూస్తే, ఆ క్షణాన విమానంలో బయటికి చూసే కళ్ళు ఒక్కటీ లేనట్టే. విమానాశ్రయాల చుట్టూ అప్రోచ్ దారులు అందరికీ ఉమ్మడి కాబట్టి జనం ఎక్కువగా ఉండేదీ అక్కడే.

రెండో జాగ్రత్త, అతను గురువు కాదని గుర్తుంచుకోవడం. ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ లేని స్నేహితుడు తప్పు చూపించగలడు గానీ పద్ధతి నేర్పకూడదు. ఇన్‌స్ట్రక్టర్ దగ్గర పాఠం నేర్చుకోకుండా ముందే జత కట్టి ఎగిరితే చెడ్డ అలవాటు గంటల కొద్దీ ముదురుతుంది. దాన్ని వదిలించుకోవడానికి మళ్ళీ ఫీజు కట్టాల్సి వస్తుంది. కొన్ని గంటలు గురువుతో, తర్వాత కొన్ని జతగాడితో, మళ్ళీ గురువు దగ్గర సరిచూసుకోవడం అనే వరుస ఖర్చుకూ చదువుకూ మేలు.

మూడోది ముసుగుకున్న పరిమితి. హుడ్ అంచు నుంచి ఎండ పడుతుంది, కాస్త తల ఎత్తితే నేల కనపడుతుంది. నీడ కదలిక బట్టి కూడా మలుపు తెలిసిపోతుంది. దొంగచూపు చూసినవాడు మోసం చేసుకునేది తన్నే. నిజమైన మేఘంలో కుదుపు, చీకటి, రెక్క మీద వాన చప్పుడు, బయటపడే దారి లేదన్న భయం ఉంటాయి. అవి ముసుగుతో రావు. అందుకే ఇన్‌స్ట్రక్టర్‌తో కొన్ని గంటలైనా నిజమైన, నిలకడైన మేఘంలో ఎగరడం మంచిది. రేటింగ్ వచ్చినా అన్ని మేఘాలూ దారి ఇవ్వవు. చైత్ర వైశాఖాల్లో ఖరగ్‌పూర్ మీద విరుచుకుపడే కాల్‌బైశాఖీ లాంటి ఉరుముల మేఘంలోకి పెద్ద జెట్ విమానాలు కూడా వెళ్ళవు. చుట్టూ తిరిగి పోతాయి.

రేటింగ్ తర్వాత

ఈ విద్య వాడకపోతే తుప్పు పడుతుంది. అందుకే అమెరికాలో రేటింగ్ ఉన్న పైలట్ కూడా గడిచిన ఆరు నెలల్లో 6 అప్రోచ్‌లు, హోల్డింగ్, దారి పట్టుకుని సాగే సాధన చేసి ఉంటేనే ఇన్‌స్ట్రుమెంట్ నియమాల కింద ఎగరవచ్చు. దీనికి మళ్ళీ ఇన్‌స్ట్రక్టర్ అక్కర్లేదు, సేఫ్టీ పైలట్ చాలు. శిక్షణలో జత కట్టినవాళ్ళు ఏళ్ళ తరబడి అలాగే కొనసాగడానికి కారణం ఇదే. ఒక ఆదివారం ఒకరు హుడ్ పెట్టుకుంటే, వచ్చే ఆదివారం రెండోవారు పెట్టుకుంటారు.

అలా చేసిన ప్రతి అప్రోచ్‌నూ ఏ మైదానంలో, ఏ రకంగా చేశారో లాగ్‌బుక్‌లో రాయాలి. ముసుగు కింద గడిపిన సమయం పక్కన సేఫ్టీ పైలట్ పేరు కూడా తప్పక రాయాలి. ఆ పేరు లేకపోతే ఆ గంట చెల్లదు.